గీత పడని ప్లేటు

మూడో గదిలోనూ ఆకుపచ్చ బూజు కనిపించేసరికి ల్యాబమ్మాయి మిగతా రెండు గదులూ చూడ్డానికి పరిగెత్తింది. షెడ్డులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ముత్యపు చిప్ప పుట్టగొడుగులకు విత్తనం తయారు చేసేది ఆమే.

ఐదు గదులు, ఐదు రకాలు, ఐదు చోట్ల నుంచి తెప్పించింది. ఒకదానికి తెగులొచ్చినా మిగతావి నిలబడతాయని ధీమా. తీరా చూస్తే వరసపెట్టి చతికిలపడుతున్నాయి. ఐదూ పోతే షెడ్డు మూసేయడమే. మేనత్త ఇరవై ఏళ్లు రెక్కలు ముక్కలు చేసుకుని నిలబెట్టిన షెడ్డు అది.

మోకాళ్లు పట్టుకుంటూ మేనత్త ల్యాబులోకి వచ్చింది. "ఐదిటినీ ఒకే ప్లేటులో పెట్టి చూశావటే?"

"పేర్లే వేరు కదత్తా, ఇంకెందుకు?"

"పేరు మనం అతికించిన చీటీ. దాని పేరేంటో దానికి తెలుసా?"

అది మేనత్త పాత పద్ధతి. గాజు ప్లేటులో రకానికో ముక్క పెడితే తెల్లటి దారాలు నలువైపులా పాకుతాయి. వేరు వేరు రకాలైతే ఎదురుపడిన చోట గట్టు వేసినట్టు గీత పడుతుంది. ఒకటే అయితే కలిసిపోతాయి.

వారం ఆగాలి. ఆ వారంలోనే నాలుగో గది పోయింది.

ఎనిమిదో రోజు పొద్దున ప్లేటును కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. గీత లేదు. ఎక్కడా లేదు. ఐదు ముక్కలూ ఒకే దుప్పటిలా పరుచుకున్నాయి. ఐదు చోట్లా ఐదు చీటీలు అతికించి తనకు అమ్మింది ఒక్క రకాన్నే! ఒకదాన్ని చంపిన తెగులు అన్నిటినీ చంపక మానుతుందా?

"పాతవైనా ఉంటే బాగుండేది," అందామె ప్లేటు కింద పెడుతూ. 'నిదానంగా కాసే చెత్త' అంటూ నిరుడు, మేనత్త పోగేసిన పదిహేడు పాత రకాల ట్యూబులను కుక్కర్లో ఉడికించి పారేయమన్నది తనే.

మేనత్త పైట కొంగు మెలిపెట్టింది. "తిట్టనంటే ఒకటి చెప్తా."

"చెప్పు."

"పారెయ్యలేదు."

"ఉడికించానన్నావుగా!"

"ఉడికించాను. ఖాళీ ట్యూబులు."

మేనత్త ఇంట్లో ఫ్రిజ్ అడుగున, బిస్కెట్ల డబ్బాలో, పదిహేడూ భద్రంగా ఉన్నాయి. ఒకటి కట్టెల అడితిలో దొరికింది, ఒకటి రైలు పట్టాల పక్కన కుళ్లిన దుంగ మీద. బూడిద రంగువి, గులాబీవి, చలికి కాసేవి, ఎండకు కాసేవి. ఆరు నెలలకోసారి గుట్టుగా కొత్త ట్యూబుల్లోకి మారుస్తూ వచ్చిందట.

"నిదానమని పారేస్తారా? నేనూ ఇప్పుడు నిదానంగానే నడుస్తున్నా."

ల్యాబమ్మాయి నవ్వబోయి ఏడ్చేసింది.

పదిహేడు ప్లేట్లు. ప్రతిదానిలో ఒకవైపు పాత రకం, ఎదురుగా ఆకుపచ్చ బూజు. నాలుగో రోజుకు ఐదో గదిలోనూ పచ్చ మచ్చ. ఆరో రోజుకు పద్నాలుగు ప్లేట్లను బూజు మింగేసింది.

మూడు మిగిలాయి. అడితిలో దొరికిన బూడిద రంగుదైతే బూజునే వెనక్కి తోస్తోంది.

గదులు కడిగి, కొత్త గడ్డి నింపి, ఆ మూడిటినే వేశారు. నిదానంగానే మొలిచాయి. పచ్చ మచ్చ మాత్రం ఒక్కటీ లేదు.

తొలి గుత్తిని ల్యాబమ్మాయి రెండు చేతులా తీసుకెళ్లి మేనత్త ఒళ్లో పెట్టింది. ఆ పక్కనే బిస్కెట్ల డబ్బా.

"పదిహేడిటికీ మరో ట్యూబు తీసి ల్యాబులో ఉంచానత్తా. ఈ డబ్బా నీ దగ్గరే ఉండాలి. రేపు నేనే పారెయ్యమన్నా పారెయ్యకు."

"నీ మాట ఎప్పుడు విన్నాను కనక!" అంది మేనత్త, డబ్బా మూత గట్టిగా నొక్కుతూ.