అన్నీ పచ్చగా వెలిగిన ఆదివారం

సంగీత నా మనవరాలు. పెనుకొండలో మా ఇంట్లోనే కూర్చొని బెంగళూరు కంపెనీ పని చేస్తుంది. ఆదివారం మాత్రం వేరే సాఫ్ట్‌వేర్ పని. దానికి జీతం లేదు. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు. కుప్పలుగా పడున్న లెక్కల్ని చాలా కంప్యూటర్లకు పంచి, చేసినాక మళ్లీ ఒకచోటికి చేరుస్తుందంట. నేను చదివింది మూడో తరగతి. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసినా. పట్టాల పని మేమూ పంచుకొనే చేసేవాళ్లం కాబట్టి ఆ మాత్రం అర్థమయింది.

ఆ పనిలో ఆమెకు ఇంకో ఇద్దరు తోడు. హిందూపురం రహీమ్, ధర్మవరం ధనుంజయ. మధ్యలో ఒక కంప్యూటర్ ఆగిపోయినా లెక్క సరిగ్గా వస్తుందా రాదా అని చూసే పరీక్షలు ముగ్గురూ ఎవరికి వాళ్లు రాసుకున్నారు. ఒకరిది ఇంకొకరి దగ్గర నడవదు. అన్నీ ఒకచోట పెట్టి అందరికీ పనికొచ్చేట్టు సర్దాలని సంగీత పట్టు. ఆ సాఫ్ట్‌వేర్‌కు పెద్దగా ఉండే ఒకామె వేరే దేశంలో ఉంటుంది. ఆదివారం సాయంత్రం చూస్తానని రాసింది. నచ్చితే ఆ పరీక్షల బాధ్యతంతా సంగీతకే ఇస్తుంది. నచ్చకుంటే ఎవరివి వాళ్లవే. ఆ పిల్లకు తిండి మీద కూడా ధ్యాస లేదు.

అంతకుముందు ఆదివారం ముగ్గురూ మా ఇంట్లోనే కొట్లాడుకున్నారు.

"నాది పెట్టుకుందాం. ఏ కంప్యూటర్‌నైనా చటుక్కున ఆపుతాది," అన్నాడు రహీమ్.

"ఆపుతాది సరే, మళ్లీ లేపదు కదబ్బా," అన్నాడు ధనుంజయ.

"నీది ఆపమంటే ఆలోచించుకుంటా కూర్చుంటాది. అచ్చం నీ మాదిరే."

"ఇద్దరివీ వద్దు, నాది ఉండనీ," అనింది సంగీత. అంతే, ఇద్దరూ ఒకటయి ఆమె మీద పడినారు. ఏదీ తేలకముందే రైలు టైమయిందని లేచినారు. మూడు పరీక్షలూ కంప్యూటర్లో ముగ్గురూ వాడుకునే ఉమ్మడి జాగాలో అట్లే పడున్నాయి.

అనుకున్న ఆదివారం వచ్చింది. రహీమ్ ఆ పక్క నుంచి, ధనుంజయ ఈ పక్క నుంచి పొద్దున రైలుబండ్లకు దిగినారు. నా కోడలు పూర్ణం పెట్టి ఓళిగలు చేసి తట్టలో పెట్టింది. సంగీత పరీక్ష మొదలుపెట్టింది. బటన్ మీద నుంచి వేలు తీయకముందే తెర పచ్చగా వెలిగింది. గెలిస్తే పచ్చ, ఓడితే ఎరుపు.

"చూడు తాతా, అన్నీ పాస్."

ధనుంజయ ఈల వేసినాడు.

"నాది తీసేసి మంచిపని చేసినా," అన్నాడు రహీమ్.

"ఎందుకు తీసేసినావు?" అనింది సంగీత.

"ధనుంజయది ఉండనీలే అని. మా కొట్లాటలో నీ పని చెడకూడదని."

ధనుంజయ ఈల ఆగిపోయింది. "నేనూ నాది తీసేస్తినే. సంగీతది ఉండనీ అని."

ఇద్దరూ సంగీత వైపు చూసినారు. ఆ పిల్ల తల వంచుకొనింది. "నేను రహీమ్‌ది ఉంచుదామని నాది తీసేస్తి. చెప్తే మీరు ఒప్పుకోరని చెప్పలేదు."

"మరి పాసయింది ఏంది?" అని అడిగినా.

"ఏమీ లేదు తాతా. ఆడ పరీక్షే లేదు. ఫెయిలయ్యేదానికి ఏమీ లేకుంటే పచ్చగానే వెలుగుతాది."

సంగీత మొగం చూడలేకపోయినా. ఆమె ఇంతకాలం పడిన పాటు సాయంత్రానికి నవ్వులపాలయ్యేట్టుంది.

రహీమే ముందు తేరుకున్నాడు. తీసేసినవి యాడికీ పోవంట, పాతవన్నీ దాచిపెట్టే ఉంటాయంట. తెచ్చుకున్నారు. తెచ్చుకున్నాక ధనుంజయ అడిగినాడు.

"అయితే నాది ఎందుకు ఉంచాలనుకున్నావబ్బా?"

"లెక్క తేలేదాకా వదలదు కాబట్టి," అన్నాడు రహీమ్. "మరి నువ్వు సంగీతది ఎందుకు?"

"పరీక్షకని ఆమె అల్లే లెక్కలు నిజమైన వాటి మాదిరే గజిబిజిగా ఉంటాయి."

"రహీమ్‌ది ఆపమంటే ఆపుతాది," అనింది సంగీత. "లేపేది మనం రాసుకుందాం."

ఆ మాటలతోనే పని తేలిపోయింది. లెక్కలు అల్లేది సంగీతది, ఆపేది రహీమ్‌ది, సరిచూసేది ధనుంజయది. మూడూ కలిపి ఒకటి చేసినారు. చివర్లో సంగీత ఇంకొకటి చేర్చింది. పరీక్ష ఏదీ లేకుంటే ఎర్రగా వెలగాలని.

ఈసారి పచ్చ రావడానికి చానాసేపు పట్టింది. ఈల ఎవరూ వేయలేదు. తెర దగ్గరికి మొగాలు పెట్టి, నిజంగా జరిగిందా అని తిప్పి తిప్పి చూసుకున్నారు.

సాయంత్రం బండ్లు ఇద్దరూ వదిలేసినారు. పొద్దు గుంకినాక పెద్దామె జవాబు వచ్చింది. సంగీత నాకు తెలుగులో చెప్పింది. పరీక్షలు బాగున్నాయంట. ఏమీ లేకుంటే ఎర్రగా వెలిగేది ఇంకా బాగుందంట, అది మాకు ఇన్నాళ్లు ఎందుకు తట్టలేదని రాసిందంట. ఇకమీద వాటి బాధ్యత సంగీతదేనంట.

"అది ఎట్ల తట్టిందో ఆమెకు చెప్పొద్దు తల్లీ," అన్నాడు ధనుంజయ.

నవ్వుకుంటా తట్ట చుట్టూ కూర్చున్నారు. తిని తిని చివరికి ఒక్క ఓళిగ మిగిలింది.

"నువ్వు తీస్కో," అన్నాడు రహీమ్.

"సంగీత తింటాదిలే," అన్నాడు ధనుంజయ.

"నాకొద్దు, రహీమ్ రాత్రి రైలెక్కాల," అనింది సంగీత.

వాళ్లు ఇంకా అంటానే ఉండారు. నేను తీసుకొని తినేసినా.