నడిమి పేరు

తాత పేరు కూడా కావాలట, మనిషి పేరు, తండ్రి పేరు, తాత పేరు, మూడూ కలిస్తేనే ఈ సౌదీలో ఒక మనిషి అవుతాడట, వరుసలో నా ముందున్న ఆరుగురికీ ఖాన్ సాబ్ అదే చెబుతున్నాడు, హైదరాబాదువాడు, కంపెనీ తరఫున మమ్మల్ని ఈ ఆఫీసుకు తోలుకొచ్చినవాడు, నీ పేరు, బాప్ కా నామ్, దాదా కా నామ్, సాఫ్ సాఫ్ చెప్పుండ్రి, తడబడితే కాయితం ఎనక్కి కొడ్తరు, గప్పుడు అకామా లేదు, గదే ఈడ ఉండనిచ్చే కార్డు, నంబరు లేదు, నంబరు లేనోడు ఈడ లేనట్టే, అంటున్నాడు, అందరూ తలలూపుతున్నారు, నేను మాత్రం పాస్‌పోర్టు తెరిచి మళ్ళీ చూసుకుంటున్నాను, నా పేరు భీమ్లా, మా తాత పేరూ భీమ్లా, ఆ రెండూ ఎవరి మీదైనా ఒట్టేసి చెబుతాను, నడిమి పేరే ఒట్టేసి చెప్పలేను.

పాస్‌పోర్టులో నడిమి పేరు జాల్యా, జాల్యా మా పెద్దబాపు, నన్ను కన్న బాపు లచ్చిరాం, తాత పోయాక ఆ పేరు ఇంట్లో నిలవాలని అన్నదమ్ములిద్దరూ తమ తమ మొదటి కొడుక్కి అదే పెట్టుకున్నారు, నీదంటే నీదని ఎవరూ తగ్గలేదు, అందుకని తండాలో పెద్దబాపు కొడుకు, మా అన్న, పెద్ద భీమ్లా, నేను చిన్న భీమ్లా, అన్నం తినడానికి పిలిస్తే ఇద్దరం ఉరికేవాళ్ళం, నీళ్ళు మోయడానికి పిలిస్తే నన్ను కాదంటే నన్ను కాదని కూర్చునేవాళ్ళం, చివరికి అన్నే లేచేవాడు, ఎప్పుడూ అన్నే లేచేవాడు, తాత ఒకసారి ఎవరో చదివి చెప్పిన కాగితం మీద వేలిముద్ర వేస్తే ఉన్న చెలక భూమి మొత్తం పోయింది, అప్పటి నుంచి మా ఇంటి కట్టుబాటు, కాగితం బయటివాడి చేతికి ఇవ్వొద్దు, మన నెత్తురే చదవాలి, అందుకే ఇద్దరిలో ఒకడు బడికి పోవాలన్నారు, నాకు గొడ్లే మంచిగుంటయి, తమ్మి పోతడు, అన్నాడు అన్న, పచ్చి అబద్ధం, నేను బడి నుంచి రాగానే నా పలక లాక్కుని అక్షరాల మీద వేలు పెట్టి దిద్దేది ఎవరు మరి.

వరుస ఒక అడుగు జరిగింది, ఫ్యాను గాలికి బల్ల మీద కాగితాలు లేస్తున్నాయి, ఆ రోజు అన్నకు వచ్చిన కాగితం కూడా అలాగే రెపరెపలాడింది, అన్న దాన్ని పైపంచెలో చుట్టి చెమట అంటకుండా తెచ్చాడు, నెల్లికుదురులో చదువొచ్చినవాళ్ళ దుకాణాలు ఎన్నో దాటుకుని ఎండలో నడిచి నా దగ్గరికే తెచ్చాడు, తమ్మీ, జర సదువు, వీసా వచ్చిందా ఏంది, గోరి వదిన గడపలో నిలబడి నా నోటి వంకే చూస్తోంది, వచ్చింది, మానుకోటలో ఏజెంటు దగ్గర పాస్‌పోర్టు తీసుకుని బొంబాయి పొమ్మని తారీకుతో సహా ఉంది, నేను రెండుసార్లు చదివాను, మొదటిసారి అన్న కోసం, రెండోసారి నా కోసం, భూపాలపల్లి అడవిలో వెదురు నరికి అరచేతులు పగిలిన ఏడాది అది, చదువుకున్నవాణ్ణి నాకేం ఖర్మ అనిపించింది, ఆ చదువు ఎవరు గొడ్లు కాస్తే వచ్చిందో అప్పుడు గుర్తు రాలేదు, వీసా రాలేదే అన్నా, ఇంకో ఆర్నెల్లు ఆగాలంట, అన్నాను, గంతేనా, ఆగుదాం తియ్, అని నవ్వాడు, కాయితం నీ తాననే ఉండనియ్, నేనైతే పోగొడ్త, అన్నాడు, వదిన మాత్రం నవ్వలేదు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే, మానుకోట ఏజెంటు అన్న పాస్‌పోర్టు మీద నా ఫోటో అతికించి, పేరొక్కటే, తండా ఒక్కటే, తండ్రిని ఎవడు సూస్తడు పో, అన్నాడు, వీళ్ళు తాతను కూడా అడుగుతారని వాడికేం తెలుసు, బొంబాయిలో పని దొరికిందని ఇంట్లో చెప్పాను, అన్న బచ్చన్నపేట చెరువు కట్ట పనికి పోతూ జనగామ దాకా నాతోనే రైలెక్కాడు, జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం నా సంచిలో పెట్టి, నా కాయితం మల్ల వస్తే ఎవల్కి సూపియ్య తమ్మీ, నువ్వొచ్చేదాక పెట్టెల దాస్త, నువ్వే సదవాలె, అన్నాడు, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను, ఆ రొట్టెలు కూడా తిన్నాను, సిగ్గు లేకుండా.

నా వంతు వచ్చింది, ఖాన్ సాబ్ వీపు మీద తట్టాడు, బోలో అన్నాడు, భీమ్లా అన్నాను, బాప్ కా నామ్, ఇక్కడ లచ్చిరాం అంటే చాలు, అంతా ఇక్కడితో ఆగిపోతుంది, వెనక్కి పంపిస్తారు, లేకపోతే జైలు, నోరు తెరిచాను, జాల్యా, అన్నాను, ఎంత తేలికగా వచ్చిందో, బతికున్న మా బాపును ఒక్క మాటతో తుడిచేశాను, దాదా కా నామ్, భీమ్లా, బల్ల వెనక ఆఫీసరు రాసుకున్నాడు, సంతకం వచ్చినవాణ్ణి, అయినా పది వేళ్ళకూ సిరా పూసి అద్దించారు, తాత ఒక్క వేలితో చెలక పోగొట్టాడు, నేను పది వేళ్ళతో అన్ననే పోగొట్టాను, యే నంబర్ అబ్ తేరా హై, మర్నే తక్, అన్నాడు ఖాన్ సాబ్, సచ్చేదాక గీ నంబరు నీదే, మనిషికి ఒక్కటే నంబరు, గిదే పేరు, గిదే బాపు పేరు జెప్పుకుంట ఇంకొకడొస్తే వాణ్ణే దొంగ అని పట్టుకుంటరు, నువ్వు బేఫికర్ ఉండు, రంది పెట్టుకోకు.

అంటే అన్న ఆర్నెల్లు కాదు, ఆరేళ్ళు ఆగినా రాలేడు, వస్తే దొంగ అతనవుతాడు, రాస్తాను, ఇవాళే ఉత్తరం రాస్తాను, అంతా రాస్తాను, కాగితం దాచాను అన్నా, నీ బాపును నా బాపని చెప్పాను అన్నా, వదినకు ముందే అనుమానం వచ్చిందేమో అన్నా, సిరా వేళ్ళు చొక్కాకు తుడుచుకుంటూ మాటలన్నీ వరుసగా పేర్చుకున్నాను, అది నెల్లికుదురు చేరుతుంది, అన్న దాన్ని పైపంచెలో చుట్టుకుని ఇంటికి తెస్తాడు, వదిన ఎవరితోనన్న సదివియ్యరాదా అంటే వద్దంటాడు, విప్పకుండా పెట్టెలో పెడతాడు, మా తమ్మి వచ్చి చదువుతాడని.