పన్నెండు లక్షల మనాత్‌లు

ఫోన్ వచ్చేసరికి రామకృష్ణప్ప నల్లరాతి పలక మీద చెంబుతో నీళ్లు పోసి, అవి ఆరడం చూస్తున్నాడు. రాయిలో పగులుంటే పలకంతా ఆరినా అక్కడ మాత్రం వెంట్రుకంత తడిగీత మిగిలిపోతుంది. అలాంటి గీత లేదని చూసుకోనిదే ఏ పలకనూ చెక్కపెట్టెలోకి ఎక్కించడు. ఆఫీసులోంచి కేక వేశారు. బాకూ నుంచి దేవేంద్ర. నిరుడు అక్కడ కలిసి పనిచేసినవాడు.

"అన్నా, మంచి సుద్దియప్పా! ఈడ కొత్త దుడ్డు వచ్చింది కదా, ఒక మనాత్ డాలరు కన్నా జాస్తి ఇప్పుడు!"

"నీకెవురు చెప్పినారు?"

"బ్యాంకులో బోర్డు పెట్టినారన్నా. పాతవి అయిదు వేలిస్తే కొత్తది ఒకటి. నీ పన్నెండు లక్షలకు రెండు వందల నలభై. మన దుడ్డులో పదకొండు వేలు! రేపు తిలక్ ఈడికి వస్తా ఉండాడు, వాని చేతికిచ్చి పంపు. ఈ ఏడు దాటితే మార్చేది కష్టమంటా ఉండారు."

పన్నెండు లక్షలు రెండు వందల నలభై కావడంలో మంచి కబురు ఏముందో రామకృష్ణప్పకు అర్థం కాలేదు. వీనికెందుకింత సంతోషం?

నిరుడు అజర్‌బైజాన్‌లో నాలుగు నెలలు మేడమెట్లకు రాళ్లు పరిచి, భత్యంలో ఇరవై నాలుగు నోట్లు మిగిల్చాడు. ఒక్కొక్కటి యాభై వేలది. తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో డాలర్లకు మార్చుకోమన్నారు. డబ్బు మార్చే కిటికీలో మనిషి నవ్వి, కుర్చీ చూపించాడు. అంత మర్యాద చేసేవాడు మోసగాడేనని నోట్లు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. హోసూరులోగానీ కృష్ణగిరిలోగానీ ఏ బ్యాంకూ వాటిని ముట్టలేదు. ఇంట్లో పెట్టడానికి మనసొప్పక, బనియను లోపల కుట్టుకున్న సంచిలో రోజూ పనికి మోసుకొస్తున్నాడు. వచ్చే నెలతో ఉద్యోగం అయిపోతుంది. పెద్ద గ్రైండరొకటి కొంటే మూకండపల్లిలో ఫ్యాక్టరీ పనివాళ్ల కాపురాలకు దోసెపిండి రుబ్బి అమ్ముతానని భార్య మునిలక్ష్మమ్మ ఏడాదిగా అడుగుతోంది.

మధ్యాహ్నం క్యారియరు మూత తీసి, ఎవరైనా ముందే తీశారేమోనని రాగిముద్దను ఇటూ అటూ తిప్పి చూశాడు. ఉలవల పులుసు ఘుమఘుమలాడింది. వేళ్లు నాకుతున్నంతసేపూ దేవేంద్రను మరిచిపోయాడు.

నాలుగింటికి, అక్కడే పనిచేసే కుర్రాడు తిలక్ బాకూ ప్రయాణానికి సంచి భుజాన వేసుకుని గేటు దగ్గరికి వచ్చాడు. రామకృష్ణప్ప బనియను సంచిలోంచి నోట్ల కట్ట తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఇరవై మూడు ఉండాయి. ఎంచుకో."

తిలక్ లెక్కపెట్టి ఒక నోటు వెనక్కి చాపాడు. "ఒకటి జాస్తి ఉంది మామా. కండ్లు మసకబారినాయా?"

రామకృష్ణప్ప మనసు ఒక్క నిమిషం హాయిగా తేలిపోయింది. ఆ వెంటనే బిగుసుకుంది. ఇంత తొందరగా తిరిగిచ్చాడంటే పరీక్ష పెడతానని ముందే తెలుసు. దేవేంద్ర చెప్పి ఉంటాడు.

"ఉండనీలేప్పా," అని కట్టంతా లాక్కున్నాడు.

"నా మీద కూడా చెంబుడు నీళ్లు పోసి చూడు మామా!" తిలక్ పకపకా నవ్వాడు. బెంగళూరు బస్సు ఆగింది, ఎక్కాడు. కిటికీలోంచి ఊపిన చెయ్యి దుమ్ములో కలిసిపోయేదాకా రామకృష్ణప్ప అక్కడే నిలబడ్డాడు.

ఇంటి అరుగు మీద మునిలక్ష్మమ్మ బియ్యం చెరుగుతోంది. అతను జరిగింది చెప్పి నోట్ల కట్ట ఆమె ముందు పెట్టాడు. చేట ఆగిపోయింది.

"ఆడ వాడు నవ్వినాడని ఈలేదు. ఈడ వీడు నిజం చెప్పినాడని ఈలేదు. ఇంక నీకు ఎట్లాంటోడు కావాల?"

"నిన్ను నమ్మినాను కదా."

"నన్నా? యేడాదిగా బనియన్లో మోసినావే, నన్ను నమ్మేనా?"

ఆమె కట్ట విప్పి, నోట్లు కొంగున ముడేసుకుని లేచింది.

"రేపు తొలి బస్సుకు బెంగళూరు పోతాను. తిలక్ ఇమానం సాయంత్రమే కదా, వాని చేతిలో పెట్టి వస్తాను. నువ్వు ఈడే కూసోని నా మీద అనుమానపడతా ఉండు."

చేట పక్కన, నోట్లకు చుట్టిన ఎర్ర రబ్బరుబ్యాండు పడి ఉంది, ఏడాదిగా సాగి సాగి గుండ్రం మరిచిపోయి.