దూలాల మీది మసి

వడ్రంగి మహబూబ్ అలీ మీద నాకు అనుమానం మొదలైంది వంటిల్లు విప్పిన మొదటి రోజే. పెంకులు దించి, ఐదు టేకు దూలాలనూ వేపచెట్టు కింద పేర్పించాడు. మా అత్తగారి కాలం నుంచి కట్టెల పొయ్యి పొగ పట్టి అవి తారు పూసినట్టు నల్లగా ఉన్నాయి. నేను గుడ్డ తడిపి తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మసి ముట్టకు బేటీ. గట్లనే ఉండనీ."

"ఎందుకు భాయ్? కడిగితే అరిగిపోతయా?"

"ముట్టకు అన్న గదా. ఎందుకో తర్వాత చెప్త."

నాకు ఒళ్లు మండింది. నా ఇంటి దూలం మీద చెయ్యి వేయడానికి నాకు ఆయన సెలవు కావాలట!

అసలు నా భయమంతా ఆ దూలాల గురించే. వంటింటికి స్లాబు వేశాక వాటిని కోయించి తలుపులు, అరలు చేయించాలని మా ఆలోచన. మాది చర్ల దగ్గర అడవి అంచున ఉన్న తండా. ఇక్కడ టేకు ముక్క బయట కనపడితే కాగితం చూపించాలి. మా మామ ఆ కలపను పర్మిట్ తీసుకునే తెచ్చాడు. ఆ పర్మిట్‌ను మాత్రం ట్రంకు పెట్టెలో చెదలు తినేశాయి. ఇప్పుడెవరైనా దొంగ టేకు అని పేరు పెడితే కలప పోవడం అటుంచి, మా ఆయన రూప్‌సింగ్ మీద కేసవుతుంది. ఆయన సర్కారు బడిలో అటెండర్. కేసయితే ఉద్యోగం ఊడుతుంది. ఆ జీతం లేకపోతే మేం లేము.

మహబూబ్ అలీ రోజూ పనిలోకి రాగానే టార్పాలిన్ ఎత్తి దూలాలు చూసేవాడు. పోయేటప్పుడు మళ్లీ చూసి, తన సొత్తయినట్టు తాడు బిగించేవాడు. కాలిన మొద్దుల్లా కనపడితే ఎవడికో చవగ్గా ఇప్పించెయ్యొచ్చని ఎత్తు వేశాడేమో అనుకున్నాను. ఆ మాటే మా ఆయనతో అంటే నవ్వాడు.

"ద్వాలీ, నీకు అందరు దొంగలే కనపడ్తరు. ఈ ఇంటికి మొదటి తలుపు చేసింది ఆయనే."

"అయితేంది? తలుపు చేసినోనికి గడియ ఎట్ల తీయాల్నో కూడ ఎరుకనే," అన్నాను.

గురువారం కూరగాయలకని చర్ల పోయాను. హోటల్ ముందు బల్ల మీద మహబూబ్ అలీ, ఫారెస్టు బీట్ ఆఫీసర్ పక్కపక్కనే కూర్చుని చాయ్ తాగుతున్నారు. అలీ చేతులు చాపి పొడవు చూపిస్తున్నాడు. తర్వాత ఐదు వేళ్లు చూపించాడు. ఇంకేముంది, మా ఇంటిని పట్టించేశాడు. కూరగాయలు కొనకుండానే ఆటో ఎక్కాను.

దూలమైతే పట్టుకుంటారు గాని, తలుపు చెక్కను ఎవరడుగుతారు? మా తండాలో అందరూ అనే మాట ఇది. పర్ణశాలలో శ్రీను అనే ఇంకో వడ్రంగి ఉన్నాడు. మిషన్లు ఆటోలో వేసుకుని తెల్లారే రమ్మని అతనికి ఫోన్ చేశాను. శుక్రవారం నమాజని అలీ పనికి రాడు. మా ఆయనకు కూడా చెప్పలేదు.

పొద్దంతా మిషన్ గీపెట్టింది. నల్లటి పొట్టు రాలేకొద్దీ లోపలి నుంచి పచ్చటి టేకు బయటపడింది. బడి నుంచి వచ్చి చూసి మా ఆయన నన్ను తిట్టాడు. తిడితే తిట్టాడు, ఉద్యోగం నిలబెట్టాను కదా అనుకుని కడుపు నిండా తిని పడుకున్నాను.

శనివారం ఉదయం అలీ, బీట్ ఆఫీసర్ ఒకే బండి మీద వచ్చి దిగారు. మా ఆయన అప్పటికే బడికి వెళ్లిపోయాడు. నేను తొణకలేదు. వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి మీద చాయ్ పెట్టి, "కూసోండి సారూ," అన్నాను.

అలీ టార్పాలిన్ ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

"గివి ఏంది బేటీ?"

"మా దూలాలే. తలుపులకని చిత్రిక పట్టించిన."

ఆఫీసర్ గొంతుక్కూర్చుని చెక్క మీద గోరుతో గీశాడు. "అలీ భాయ్, పొగ చూరిన పాత కట్టె అంటివి. ఇది మొన్న నరికినట్టున్నది."

"నల్లగుండె సార్. నా చేతులతోనే దించిన."

"నువ్వంటే నేను నమ్మొచ్చు. పాత ఇంటి కట్టె అని రాసిచ్చి పోదామనే వచ్చిన. ఇప్పుడు దేన్ని చూసి రాయాలె?"

అలీ నా వైపు తిరిగాడు. ఆ మొహంలో కోపం ఉన్నా బాగుండేది.

"పర్మిట్ చెదలు తిన్నదని రూప్‌సింగ్ చెప్పిండు. అందుకే సారును బతిమాలిన. ఆయన ఒప్పుకునేదాక నీకు ఊరికె ఆశ పెట్టొద్దనుకున్న. మనకున్న కాయితం ఆ మసి ఒక్కటే."

సిగ్గుతో చచ్చిపోయాను.

"పోనీ, గీకిన పొట్టన్నా చూపియ్యమ్మా. నల్లది ఒక్క ముక్క ఉన్నా రాస్త," అన్నాడు ఆఫీసర్.

శ్రీను పోయాక వాకిలంతా ఊడ్చి, పొట్టూ ముక్కలూ గంపకు ఎత్తింది నేనే. ఊరికే ఎందుకు పారెయ్యాలని ఇందాక ఆ గంపంతా పొయ్యిలో గుమ్మరించాను. ఆ మంట మీదే ఆయనకు చాయ్ కాగుతోంది.

నేను పొయ్యి వైపు చూశాను. ఆయనా చూశాడు. తెచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సంచిలోంచి కేసులు రాసే పుస్తకం తీశాడు.

"మీ ఆయన పేరు చెప్పమ్మా," అన్నాడు.