పదమూడో రోజు కూడిక

అమ్మ పోయిన తొమ్మిదో రోజున మా చెల్లెలు రేబెకా పెట్టె సర్దడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని కారప్పొడి సీసా మూతకు టేపు చుడుతున్నాను. తను ఫిన్లాండులో నీటి శుద్ధి మీద ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతోంది. వచ్చే సోమవారం ల్యాబు మొదలవుతుంది. మొదటి రోజు రానివాళ్ల సీటు వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. మళ్లీ ఏడాది దాకా ఆ ల్యాబు ఉండదు. శనివారం మధ్యాహ్నం విమానం.

పెద్దిరాజు మావయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. అమ్మకు అన్న, మా చర్చి సంఘానికి పెద్ద. ముప్పయ్యేళ్లు ఓడరేవు డాకుల్లో క్రేను నడిపి రిటైరైన మనిషి.

"మట్టి ఆరనేదు. అప్పుడే పెట్టె సర్దీసినావేటి?"

రేబెకా స్వెట్టరు మడిచి పెట్టెలో పెట్టింది. కోల్‌కతా మెటియాబ్రుజ్‌లోని మా తెలుగు సంఘంలో ఎవరైనా పోతే నలభయ్యో రోజున జ్ఞాపకార్థ కూడిక పెడతారు. ఆ రోజు ఆఖరి బిడ్డ లేచి, పోయినవాళ్లు ఎలా బతికారో సాక్ష్యం చెప్పాలి. ఆ బిడ్డ లేకుండా కూడిక జరిగిన గుర్తు నాకు లేదు. మా ఇంట్లో ఆఖరిది రేబెకా. అందాకా ఆగితే తనకు ఏడాది పోతుంది.

కూడికను శుక్రవారానికి, అంటే పదమూడో రోజుకు, జరుపుదామన్నాను. నలభయ్యో రోజు కూడిక పదమూడో రోజున పెట్టడమేమిటని మావయ్య అడిగాడు. నలభై అని బైబిల్లో ఎక్కడుందని నేనడిగాను.

"బైబిల్లో నేదు. మన్లో ఉంది," అన్నాడు.

పాస్టరుగారి దగ్గరకు వెళ్లాను. సంఘ పెద్ద ఒప్పుకుంటే తనకు అభ్యంతరం లేదన్నారు. మర్నాడు స్కూల్లో నా క్లాసులు అయ్యాక మావయ్య ఇంటికి వెళ్లాను. ఆయన కాదంటాడని నేననుకోలేదు. అమ్మ ఉండి ఉంటే ఆ పెట్టె తనే సర్దేదని ఆయనకూ తెలుసు. ఆయన టీ తాగడం పూర్తిచేసి ఒక షరతు పెట్టాడు.

"సాచ్చికం తెలుగులో సెప్పాల. ఇంగిలీసులోకీ బంగ్లాలోకీ దిగకూడదు. నా సెల్లి గురించి నాకు తెలుగులోనే ఇనపడాల. తడబడిందంటే నలభయ్యో దినాన మళ్లీ పెడతాం. అందాకా అది ఇక్కడే ఉండాల్సిందే."

రేబెకా చదివింది బెంగాలీ బడిలో. తెలుగు ఇంట్లో మాట్లాడుతుంది, కానీ చదవమంటే దుకాణం బోర్డు దగ్గరే తడుముకుంటుంది. నేను పద్దెనిమిదేళ్లుగా ఊళ్లో పిల్లలకు తెలుగు చెబుతున్నాను. ఇంట్లో ఉన్న చెల్లెలికి నేర్పలేదు.

ఆ సాయంత్రం నేనే రెండు పేజీలు రాసిచ్చాను, పెద్ద అక్షరాలతో. తను రెండు రోజులు కూడబలుక్కుంది. గురువారం తిరిగి ఇచ్చేసింది.

"ఇందులో ఉన్నది టీచరమ్మ వాళ్లమ్మ, అక్కా. మన అమ్మ కాదు."

నాకు కోపం రాలేదు. మళ్లీ చదివి చూసుకున్నాను. త్యాగమూర్తి అన్న మాట మూడు చోట్ల ఉంది. కాగితాలు చించేశాను. మరి ఏం చెబుతావని అడిగితే తనే రాసుకుంటానంది. ఎలా రాస్తావని నేను అడగలేదు.

శుక్రవారం సాయంత్రం డ్యూటీలు దిగి చాలామందే వచ్చారు. పాట అయ్యాక రేబెకా మడత కాగితం విప్పి నిలబడింది.

"మా అమ్మ రోజూ వీడియో కాల్ చేసేది. మాట్లాడేది కాదు. ఫోను కుట్టు మిషను పక్కన పెట్టుకుని పేంట్లకి జిప్పులు కుట్టుకునేది. నేను అక్కడ అంట్లు తోముకునేదాన్ని, చదువుకునేదాన్ని. గంటయ్యాక, ఏటి తిన్నావని అడిగేది. పప్పన్నం అనేదాన్ని. అబద్ధం, కుక్కరు కూత ఇనపడనేదు అనేది."

వెనక వరసలో ఎవరో నవ్వారు.

"మొదటి ఏడు చలికి తట్టుకోలేక వచ్చేస్తానన్నాను. వచ్చీ, కానీ రేపు క్లాసుకెళ్లి వచ్చీ అంది. మర్నాడూ అదే అంది. నెల్లాళ్లు అదే అంది. అలా ఏడాది అయిపోయింది."

ఇంకా చెప్పింది. ఒక్కచోట ఆగింది, మాట దొరక్క కాదు. మళ్లీ అందుకుని చివరిదాకా చెప్పి కూర్చుంది.

మావయ్య లేచి వచ్చి కాగితం అడిగి తీసుకున్నాడు. కళ్లజోడు పెట్టుకుని చూశాడు.

"ఇయ్యేటి అచ్చరాలు?"

"బంగ్లావి, మావయ్యా. మాటలు తెలుగే."

నేను ఏదో చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. కాగితాన్ని వెలుతురు వైపు తిప్పి వరసల మీద వేలు నడిపాడు. బంగ్లా చదవలేడని అక్కడున్న అందరికీ తెలుసు.

"మా సెల్లే మాటాడినట్టుంది," అని మడిచి ఇచ్చేశాడు.

తర్వాత సంఘం వైపు తిరిగాడు.

"రేపు మా మేనకోడలు పయనం. సదువుకి ఎల్తంది. అందరూ నిలబడండి, ప్రార్థన సేసి పంపుదాం."

కుర్చీలు వెనక్కి జరిగాయి. రేబెకా తల వంచింది. నేనూ లేచి తన పక్కన నిలబడ్డాను.