తొమ్మిదో గుంత దగ్గర వియ్యంకులు

వెంకటరామికి బుర్ర చెడిందని ముందుగా కనిపెట్టింది వెంకటరామే. ఆ మాట చెబితే పెళ్లాం రామలక్ష్మమ్మ, ఎప్పుడో తెలిసిన సంగతే అన్నట్టు తలూపి సంకటి ముద్ద కంచంలో వేసింది.

"నవ్వులాట కాదే. ఎనిమిది గుంతల దాకా బాగానే ఆడతాండా. తొమ్మిదోదానికాడికి పోతే చేతులు నా మాట ఇనవు. జానెడు దూరంలో ఉండే బంతి గూడా పోదు. ఇది మనసుకు సంబంధించిన రోగమంట. ఫోన్లో చెప్తాండారు."

"దానికి ఫోనెందుకు, నన్నడిగితే నేను చెప్పకపోదునా?" అందామె.

కప్పగల్లులో పొలం, బళ్లారిలో లారీలు ఉన్న మనిషి గోల్ఫు కర్ర పట్టడానికి కారణం వియ్యంకుడు మల్లికార్జునయ్య. ఆయనది బళ్లారి బజారులో తాతలనాటి బట్టల అంగడి. వెంకటరామి కూతురు అనుపమ, ఆయన కొడుకు సచిన్ కులాలు కాదని పెళ్లి చేసుకున్నప్పుడు తండ్రులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. తర్వాత ఎవరో మధ్యవర్తి ఇద్దరినీ సంగనకల్లు గుట్టల అవతల గనుల ఆసాములు వేయించిన మైదానానికి తీసుకుపోయాడు. అంతే, ఆదివారం వస్తే ఇద్దరూ అక్కడే. పచ్చిక నిలవని నేల అది. గుంతల చుట్టూ నూనె కలిపిన ఇసుక పరిచి ఉంటుంది. ఇంటికొచ్చేసరికి ఇద్దరి బూట్లూ ఎర్రగా ఉండేవి.

అన్నీ బాగున్నాయనుకునేలోపు అనుపమకు ఆడపిల్ల పుట్టింది. పేరు దగ్గర వచ్చింది పేచీ.

వెంకటరామికి తన తల్లి హొన్నూరమ్మ పేరు కావాలి. మొగుడు పోతే బండి తోలి, బాడుగలకు పోయి, కొడుకును ఇంతవాణ్ణి చేసిన మనిషి ఆమె. పోయాక ఆ పేరు ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఫొటోకు దండ వేస్తారు గానీ పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. మల్లికార్జునయ్యకూ తల్లి ఉంది కదా. ఆమె పేరు శరణమ్మ. ఇద్దరూ పురిటి మంచానికి చెరోపక్కా నిలబడి అరుచుకుంటే అనుపమ చేతులెత్తి దండం పెట్టింది.

"బయటికి పోయి తేల్చుకోండప్పా. ఇద్దరూ కలిసి ఒక్క పేరుతో రాండి."

"వచ్చే ఆదివారం ఆటలో తేల్చుకుందాం బావా" అన్నాడు మల్లికార్జునయ్య, అంగట్లో బట్టల తాను పరిచినట్టు చల్లగా. వెంకటరామి పౌరుషానికి పోయి సరేనన్నాడు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, వియ్యంకుడి మీద తొమ్మిదో గుంత తానెన్నడూ గెలవలేదని.

ఆ వారమంతా మనసును బాగుచేసే పని పెట్టుకున్నాడు. ఫోన్లో బెంగళూరు గురువు కళ్లు మూసుకుని బంతి గుంతలోకి పోతున్నట్టు ఊహించమన్నాడు. ఈయన కళ్లు మూసుకుంటే హొసపేట దారిలో టైరు పేలిన లారీ కనిపించేది. ఊపిరి లెక్కపెట్టమంటే గురకలోకి దిగేవాడు. మనసును ఖాళీ చేయమన్న పాఠం దగ్గర రామలక్ష్మమ్మ, "అది ఇప్పటికే అయ్యుండాది, తర్వాత పాఠం పెట్టుకో" అని లోపలికి పోయింది.

ఆదివారం ఆమె కూడా బయలుదేరింది. ఇద్దరూ కర్రలతో కొట్టుకుంటే విడదీయడానికని చెప్పి, సీసా నిండా మజ్జిగ పట్టుకుంది.

ఆట మొదటి నుంచీ మర్యాదగా సాగింది. "నువ్వు కొట్టు బావా" అంటే "కాదు, నువ్వే ముందు" అని ఈ వియ్యంకులు ప్రతి గుంత దగ్గరా ఒకరినొకరు బతిమాలుకునేసరికి వెనకాల వాళ్లు విసుక్కున్నారు. ఈ ఆటలో ఒక పద్ధతి ఉంది. బంతి గుంతకు బాగా దగ్గరికొస్తే ఎదుటివాడు "పడినట్టే, తీసుకో" అనవచ్చు. అప్పుడిక కొట్టక్కరలేదు, పడినట్టే లెక్క. అనాలన్న బలవంతం లేదు. వెంకటరామి బంతి దగ్గరికొస్తే చాలు, మల్లికార్జునయ్య "పడినట్టే బావా, తీసేసుకో" అనేవాడు. అంత మర్యాద చేసే మగపెళ్లివారికి తక్కువ చేస్తామా అని వెంకటరామి మూరెడు దూరంలో ఉన్నదాన్ని కూడా "పడినట్టే" అనేవాడు.

నాలుగు గుంతలు చూశాక రామలక్ష్మమ్మ మొగుడికి మజ్జిగ పోస్తూ గొంతు తగ్గించింది.

"తొమ్మిదోదానికాడ గూడా ఆయప్ప ఇట్లే ఇస్తాడా?"

వెంకటరామి ఆలోచించాడు. "లేదు. ఆడ గుట్టల దిక్కు చూస్తా ఉంటాడు."

"ఇంకేం మరి! ఆయన అంగట్లో నాకు రవికె గుడ్డ ఊరికే ఇచ్చిననాడే చీర రేటు ఎక్కువేసినాడు. నీకు ఎనిమిది ఊరికే ఇచ్చి తొమ్మిదోదాని కాడ గుంజుతాండాడు. దగ్గరి బంతి కొట్టే అలవాటే లేకుండా చేసినాడు నీకు. మనసూ లేదు, రోగమూ లేదు."

వెంకటరామికి ఒళ్లు మండింది. "ఇచ్చేది వద్దంటా పో."

"వద్దంటే బాగుంటాదా, వియ్యంకుడితో? తీసుకో. తీసుకున్నాక గూడా ఆ బంతి గుంతలో ఏసే రా."

అయిదో గుంత దగ్గర మల్లికార్జునయ్య "పడినట్టే" అన్నాడు. "సంతోషం బావా" అని వెంకటరామి దణ్ణం పెట్టి, అయినా అలవాటు కోసమని బంతిని కొట్టాడు. అది గుంతను చుట్టి అవతలికి పోయింది. ఆరోదాంట్లోనూ పోలేదు. ఏడోదాంట్లో పడింది. ఎనిమిదోదాంట్లో గొంతులో గుటక దిగినట్టు దిగింది. మల్లికార్జునయ్య నవ్వుతూనే ఉన్నాడు గానీ, బుగ్గన ఉన్న వక్క నమలడం మానేశాడు.

తొమ్మిదో గుంతకొచ్చేసరికి ఇద్దరూ సమానం. చివరికి ఇద్దరి బంతులూ గుంతకు జానెడు అటూ ఇటూ ఆగాయి. వెంకటరామిది ముందు. మల్లికార్జునయ్య ఎప్పటిలాగే గుట్టల వైపు తిరిగాడు. వెంకటరామి ఏ ఊపిరీ లెక్కపెట్టలేదు, కళ్లూ మూసుకోలేదు. పోయిన రెండు గుంతల్లో వేసినట్టే వేశాడు. పడింది.

ఇక మల్లికార్జునయ్య వంతు. అదీ పడితే సమానం, పడకపోతే వెంకటరామి గెలిచినట్టు. ఆయన కర్ర పట్టుకొని నిలబడ్డాడు. కొట్టడు. వియ్యంకుడి నోటి వైపు చూస్తున్నాడు.

అప్పుడు తట్టింది వెంకటరామికి. ఇన్ని నెలలుగా తాను మర్యాద కొద్దీ ప్రతి బంతినీ "పడినట్టే" అనేశాడు. తొమ్మిదో దగ్గర కూడా. తెలివితో ఒకరు, తెలియక ఒకరు ఇచ్చుకుంటూ పోయారు. జానెడు దూరం నుంచి బంతి కొట్టి మల్లికార్జునయ్యకూ ఏడాదైంది.

తెలిసింది గానీ, నోరు ఊరుకుంటుందా? ఆడపిల్ల తండ్రి నోరు అది. ఎదురుగా మగపెళ్లివారి పెద్దమనిషి చెమటలు కక్కుతూ చూస్తుంటే "తీసుకో బావా" అనడానికి దానంతటదే తెరుచుకుంది. రామలక్ష్మమ్మ దగ్గింది. మూసుకున్నాడు. మళ్లీ తెరుచుకుంది. అమ్మ పేరు లోపల్లోపల అనుకుంటూ పళ్లు బిగించాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన చేసిన అతి కష్టమైన పని అదే.

మల్లికార్జునయ్య కొట్టాడు. బంతి గుంత పక్కనుంచి, ఏదో పనున్నట్టు, నేరుగా పోయింది.

నామకరణం నాడు వెంకటరామి మనవరాలి చెవిలో తల్లి పేరు మూడుసార్లు చెప్పాడు. తలెత్తేసరికి అనుపమ అందరికీ చెబుతోంది.

"బాగుండాది నాయనా పేరు. హొన్నూరమ్మ. పొట్టిగా హనీ."

మధ్యాహ్నం భోజనాలకు ఇల్లంతా హనీ అయింది. సాయంత్రానికి రామలక్ష్మమ్మ కూడా హనీ బంగారమని జోకొడుతోంది. వెంకటరామి మూల కుర్చీలో కూలబడ్డాడు. గెలిచి ఏం లాభమనిపించింది. కూతురితో పేచీ పెట్టుకునే ఓపిక లేదు.

పొద్దుటి నుంచీ ముఖం ముడుచుకుని కూర్చున్న మల్లికార్జునయ్య ఉన్నట్టుండి లేచాడు.

"ఏంది హనీ? ఎవురా హనీ?" బజారు గొంతుకు ఇల్లంతా ఆగింది. "ఆ పేరు కోసం నేను ఓడిపోయినా. మా అమ్మ పేరు ఇడిచిపెట్టుకున్నా. అంత పోగొట్టుకొని తెచ్చుకున్న పేరును మీరు కత్తిరించి పీలిక ఇస్తారా? సాకు బిడ్రప్పా, చాలించండి! ఈ ఇంట్లో పూర్తిగా పిలవాల. లేదంటే శరణమ్మని మార్చండి."

ఆయన తొట్టిలి మీదికి వంగి, వీధి చివరికి వినిపించేలా పిలిచాడు.

"హొన్నూరమ్మా! ఓ హొన్నూరమ్మా!"

వెంకటరామి కండువా ముఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్చేశాడు.

"ఏందప్పా బావా, గెలిచినోడివి నువ్వేడుస్తాండావు?" అన్నాడు మల్లికార్జునయ్య తొట్టిలి ఊపుతూ. జవాబు కోసం ఆగలేదు, ఆ పేరు పెట్టి మళ్లీ పిలిచాడు.