సుద్దగీతలు నేర్చిన కెమెరా

సొరంగం గోడలు చూసే మేస్త్రీకి కెమెరా బండి అంటే మహా చులకన. అంతకంటే చులకన, దాన్ని వెంటేసుకొచ్చిన కళ్లద్దాల ఇంజనీరంటే. సుత్తితో గోడ తట్టి, చప్పుడు విని, బీట ఉన్న చోటల్లా సుద్దముక్కతో గీత గీసి ఫోటో తీయించడం ముప్పై ఏళ్లుగా మేస్త్రీ పని. ఇకమీదట ఆ పని పట్టాల మీద దొర్లే ఈ బండి చేస్తుందట. కెమెరాలు ఫోటోలు తీస్తాయట, కంప్యూటర్ వాటిని చూసి బీటల చుట్టూ ఎర్రగడి వేస్తుందట. సుత్తి పట్టుకోవడం రానివాళ్లే ఇలాంటి కోతలు కోస్తారని మేస్త్రీ అభిప్రాయం.

మరమ్మతుకని మూసిన సొరంగాన్ని మర్నాడు పొద్దున తెరవాలి. మొదటి రైలు నడపబోయేది మేస్త్రీ కూతురు. అందుకే ఎవరూ పిలవకపోయినా ఆయన వచ్చి నిలబడ్డాడు.

తనిఖీకి రైల్వే పెద్దసారు వస్తున్నాడని ఇంజనీరు ముందురోజే పాత సుద్దగీతలు కూడా పోయేలా గోడలన్నీ కడిగించాడు. సొరంగాన్ని పెళ్లిచూపులకు తయారు చేశాడయ్యా అని మేస్త్రీ గొణిగాడు. బండి ఆ చివరిదాకా వెళ్లి వచ్చింది. స్క్రీన్ మీద ఒక్క ఎర్రగడీ లేదు. బీటలు సున్నా అని చెప్పి ఇంజనీరు పెద్దసారు మొహం వైపు చూశాడు.

మేస్త్రీ తన పక్కనున్న గోడ బీటలో గోరు దూర్చి చూపించాడు. అది నీడ అయ్యుంటుందన్నాడు ఇంజనీరు. మేస్త్రీకి ఒళ్లు మండింది. ఈ బండికి చదువు చెప్పిందెవరని అడిగాడు. ఆఫీసులో ఉన్న పాత ఫోటోలన్నీ చూపించి నేర్పామని జవాబొచ్చింది. అంతే, మేస్త్రీ జేబులోంచి సుద్దముక్క తీసి, నిన్నగాక మొన్న సిమెంటు పూసిన నున్నటి గోడ మీద వంకరగా ఒక గీత గీశాడు. బండిని మళ్లీ నడపమన్నాడు. స్క్రీన్ మీద ఎర్రగడి పడింది.

"మీ కంప్యూటర్‌కి బీటలేం తెలుసు బాబూ? దానికి తెలిసింది నా గీతలు."

పెద్దసారు నవ్వేశాడు. బండి సంగతి తర్వాత చూద్దాం, ఆ గోడబీట ఈ రాత్రికే పూడ్పిస్తాం, మేస్త్రీ సంతకం పెడితే రేపు తెరిచేద్దాం అన్నాడు. మేస్త్రీ మీసం దువ్వుకుని పెన్ను అందుకున్నాడు.

తల కొట్టేసినట్టయిన ఇంజనీరు పాత ఫోటోలు తిరగేస్తూ కూర్చున్నాడు. మేస్త్రీ కాగితాలు చదివి సంతకం పెట్టబోతుండగా తలెత్తాడు.

"మేస్త్రీగారూ, రెండేళ్లుగా పైకప్పు ఫోటోల్లో ఒక్క గీత కూడా లేదే. కప్పు అంత బాగుందా?"

మేస్త్రీ మీసం మీంచి చెయ్యి తీశాడు. మోకాళ్లు సహకరించక రెండేళ్లుగా ఆయన నిచ్చెన ఎక్కడం లేదు. కింద నుంచే టార్చి వేసి చూసి, బాగుందని రాసేస్తున్నాడు. ఈ సంగతి ఇంట్లో కూడా తెలియదు. ఇంజనీరు ఆ ఉదయం తీసిన కప్పు ఫోటోను పెద్దది చేసి చూపించాడు. చెమ్మతో నల్లబడ్డ చార ఒకటి బారెడు పొడవుంది. దాని చుట్టూ గడి లేదు. మేస్త్రీ వదిలేసిన చోటును కంప్యూటర్ కూడా వదిలేసింది.

అది నీడ అనేయొచ్చు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మేస్త్రీ పెన్ను కింద పెట్టాడు.

"నిచ్చెన తెప్పించండి సార్. రెండేళ్లుగా నేను పైకి ఎక్కలేదు."

నిచ్చెన వచ్చింది. మెట్టు మెట్టుకీ పళ్లు బిగబట్టి ఎక్కి, సుత్తితో తట్టాడు. డొల్ల చప్పుడు. ఇంకో జానెడు అవతల తట్టినా అదే. చార పొడవునా సుద్దగీత గీసి దిగాడు. అంతసేపు ఇంజనీరే నిచ్చెన పట్టుకున్నాడు.

బయటికొచ్చి కూతురికి ఫోన్ చేసి, రేపు సొరంగం తెరవడం లేదని, కప్పు పాడైందని చెప్పాడు. నాన్న చూసేది గోడలొక్కటే అనుకుంటున్న కూతురికి ఒళ్లు మండింది.

"ఇన్నాళ్లూ నేను దాని కిందనుంచే కదా నాన్నా రైలు నడిపాను. ఆ కప్పు చూసే వెధవ ఎవడు?"

"నేనేనమ్మా," అన్నాడు మేస్త్రీ.